తెలుగు వాక్యం నుంచి ఇంగ్లీషు క్లాజుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రాలు డిగ్రీ విద్యార్థులకు, ఉద్యోగం చేస్తూ చదువుకునేవారికి ఇంగ్లీషు చెబుతుంటాను. చిన్న వాక్యాలతో ఎవరికీ ఇబ్బంది లేదు. "నేను మార్కెట్‌కు వెళ్లాను" అంటే టక్కున చెప్పేస్తారు. "నిన్న మార్కెట్‌లో కనిపించినాయన ఎవరో నాకు గుర్తు రావడం లేదు" అనగానే గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం దగ్గరే క్లాజు, అంటే పెద్ద వాక్యంలో ఇమిడే చిన్న వాక్యం, ఉంటుంది. అక్కడి నుంచి ముందుకు నడవడానికి తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చే సాధన ఎలా ఉపయోగపడుతుందో, నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నల ద్వారా చెబుతాను.

ఇంగ్లీషు ఉదాహరణలను ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. మీ నోటుపుస్తకంలో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి. స్పెల్లింగు కంటికి, చేతికి అలవాటు కావాలంటే అదొక్కటే దారి.

అనువాదం చేస్తూ భాష నేర్చుకోవడం పాతకాలపు పద్ధతి కాదా? ఇంగ్లీషులోనే ఆలోచించాలంటారు కదా?

పాతదే. యూరప్ బడుల్లో లాటిన్, గ్రీకు చెప్పిన తీరునే 19వ శతాబ్దంలో ఇతర భాషలకూ వాడారు. అందులో లోపం అనువాదం కాదు, అనువాదం దగ్గరే ఆగిపోవడం. సూత్రం బట్టీ పట్టడం, ప్రాణం లేని వాక్యాలను మార్చడం, నోరు తెరిచి ఒక్క మాటా మాట్లాడకపోవడం. దానికి విరుగుడుగా తరగతిలో మాతృభాష వినపడనే కూడదన్న పద్ధతులు వచ్చాయి. ఆ తర్వాత 1967లో సి. జె. డాడ్సన్ ద్విభాషా పద్ధతిని ప్రతిపాదించారు. అర్థం చెప్పడానికి మాతృభాషను వాడి, వెంటనే కొత్త భాషలో మాట్లాడించడం దాని సారం.

నా అనుభవంలో, ఇరవై ఏళ్లు తెలుగులో బతికిన మనిషిని "తెలుగును బయట వదిలి లోపలికి రా" అంటే రాలేడు. తెలుగు ఎలాగూ అతనితోనే వస్తుంది. దాన్ని పనిలో పెట్టుకోవడం మేలు. మాటకు మాట మార్చడం తప్పు. వాక్యానికి వాక్యం మార్చడం మంచి సాధన.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇదే వంతెనను అటువైపు నుంచి దాటినవారు ఉన్నారు. సి. పి. బ్రౌన్ 1840లో, ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణాలు ప్రచురించింది ఇంగ్లీషు తెలిసినవారికి తెలుగు నేర్పడానికే. ఇంగ్లీషులో "హూ", "విచ్" అనే మాటలు చేసే పనిని తెలుగులో "వచ్చిన", "చేసిన" ఎలా చేస్తాయో వాళ్లకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మనకు కష్టమైన చోటే వాళ్లకూ కష్టమైంది.

క్లాజు అంటే సరిగ్గా ఏమిటి?

కర్త, కాలం చూపే క్రియ, ఈ రెండూ ఉన్న ముక్క క్లాజు. "ఇన్ ద మార్నింగ్" క్లాజు కాదు, అందులో క్రియ లేదు. "వెన్ ద సన్ రైజెస్" క్లాజు. తనంతట తాను నిలబడగలిగితే ప్రధాన క్లాజు, ఇంకో వాక్యానికి ఆనుకుని నిలిచేదైతే ఉపవాక్యం. నిర్వచనం ఇంతవరకు చాలు. దీని మీద ఎక్కువ రోజులు గడిపినవారు వాక్యాలు రాయడం మొదలుపెట్టడమే ఆలస్యం చేస్తారు.

తెలుగులో క్లాజులు ఉన్నాయా? నాకు ఎక్కడా కనబడవే?

ఉన్నాయి. కానీ క్రియ తోకలో ముడుచుకుని ఉంటాయి. ఈ పేజీ అంతటికీ మూలం ఈ ఒక్క మాటే.

ఇంగ్లీషులో ఉపవాక్యం గుమ్మం దగ్గర ఒక చిన్న మాట నిలబడి ఉంటుంది: హూ, దట్, ఇఫ్, వెన్, దో, బికాజ్. తెలుగులో ఆ పనిని క్రియ చివరి భాగం చేస్తుంది. "వచ్చు" అన్న ఒక్క క్రియనే చూడండి. వచ్చిన మనిషి, వచ్చి కూర్చున్నాడు, వస్తూ చూశాడు, వస్తే చెబుతాను, వచ్చినా చెప్పను, వచ్చాక చెబుతాను, వచ్చేలోపు వెళ్లిపోయింది, వస్తానని అన్నాడు, వస్తాడో రాడో తెలియదు. తొమ్మిది తోకలు, తొమ్మిది రకాల సంబంధాలు. బడిలో తెలుగు మాస్టారు సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలు చెప్పినప్పుడు క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని నేర్పినవి ఇవే: చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. మార్కుల కోసం చదివి మరిచిపోయిన ఆ పాఠం ఇంగ్లీషు క్లాజులకు తాళంచెవి. పదో తరగతి తెలుగు పుస్తకం ఇంట్లో ఉంటే తీసి పక్కన పెట్టుకోండి.

ఈ తోకలున్న క్రియల్లో చాలావాటికి ఎవరు, ఎప్పుడు అన్నది కనబడదు. "వస్తే" అంటే నేను వస్తేనా, వాళ్లు వస్తేనా? "వచ్చాక" జరిగిపోయిందా, జరగబోతోందా? తెలుగులో చివరి క్రియ వచ్చేదాకా ఆగితే తెలుస్తుంది. ఇంగ్లీషు ఆగనివ్వదు, అక్కడికక్కడే కర్తను, కాలాన్ని అడుగుతుంది. అందుకే మార్చే ముందు ప్రతి తోక దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఏ తోక? ఎవరు? ఎప్పుడు? "అని", "ఓ" అనే రెండింటికి ముందు మాత్రం క్రియ పూర్తి రూపంలో ఉంటుంది (వస్తాను + అని, వస్తాడు + ఓ), కాబట్టి అక్కడ పని కొంత తేలిక.

"వచ్చిన మనిషి" వంటి వాటిని ఎలా మార్చాలి? హూ, విచ్, దట్ ఎక్కడ పెట్టాలి?

ముందు వరుస తిరగబడుతుందని ఒప్పుకోవాలి. తెలుగులో వర్ణన ముందు, నామవాచకం వెనుక. ఇంగ్లీషులో నామవాచకం ముందు, వర్ణన వెనుక. "నిన్న వచ్చిన మనిషి" కాస్తా "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే" అవుతుంది. ఇంతవరకు అందరూ చేస్తారు. చిక్కు దీని తర్వాత ఉంది.

ఒక అబ్బాయి నోటుపుస్తకం నాకు బాగా గుర్తు. "ఇది నేను ఉత్తరం రాసిన పెన్ను" అన్నదానికి "దిస్ ఈజ్ ద పెన్ విచ్ ఐ రోట్ ద లెటర్" అని రాశాడు. చక్కని చేతిరాత, స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. వాక్యం చివర చిన్న సున్నా చుట్టి, "పెన్ను ఉత్తరాన్ని రాసిందా, పెన్నుతో నువ్వు రాశావా?" అని అడిగాను. "పెన్నుతో నేను రాశానండీ" అన్నాడు. "మరి ఆ 'తో' ఎక్కడికి పోయింది?" చాలాసేపు పుస్తకంలోకి చూసి, సున్నాలో "విత్" అని రాశాడు. "దిస్ ఈజ్ ద పెన్ విచ్ ఐ రోట్ ద లెటర్ విత్."

తప్పు అతనిది కాదు. తెలుగే ఆ "తో"ను మింగేసింది. "పెన్నుతో రాశాను" అన్నప్పుడు ఉన్న విభక్తి "రాసిన పెన్ను" అనేసరికి మాయమవుతుంది. నేను వెళ్లిన బస్సు (బస్సులో), మేము మాట్లాడుకున్న విషయం (విషయం గురించి), నేను పుట్టిన ఊరు (ఊళ్లో), వాళ్లు కూర్చున్న చాప (చాప మీద). మనం విని అర్థం చేసుకుంటాం, ఎవరూ తడబడరు. ఇంగ్లీషు మాత్రం ఆ విభక్తిని వదలదు: "ద బస్ ఐ ట్రావెల్డ్ ఇన్", "ద మ్యాటర్ వి టాక్‌డ్ అబౌట్", "ద విలేజ్ వేర్ ఐ వాజ్ బార్న్", "ద మ్యాట్ దే శాట్ ఆన్".

కాబట్టి చేయాల్సిందల్లా ఒక్క మెట్టు వెనక్కి వెళ్లడం. నామవాచకాన్ని తిరిగి వాక్యంలో పెట్టి చూడండి. "నేను పెరిగిన ఇల్లు" అంటే "ఆ ఇంట్లో పెరిగాను". "లో" దొరికింది, ఇక "ఇన్" లేదా "వేర్" రావాల్సిందే. ఈ మెట్టు రాతలో వేయండి, మనసులో వద్దు. మొదటి నెల రాతలో వేసినవారికి రెండో నెలలో దాని అవసరం తగ్గుతుంది.

ఒక్కోసారి తెలుగులోనే రెండర్థాలు ఉంటాయి. "వాడు వచ్చిన ఊరు" అంటే ఏ ఊరి నుంచి వచ్చాడో ఆ ఊరా, ఏ ఊరికి వచ్చాడో ఆ ఊరా? సందర్భం చూసి "ఫ్రమ్" కావాలో "టు" కావాలో మీరే తేల్చుకోవాలి. ఇలాంటి వాక్యాలు నాకు చాలా ఇష్టం. ఇంగ్లీషు కోసం మొదలుపెట్టిన పని మన భాషను కొత్తగా చూపిస్తుంది.

"ని" మీదా ఒక కన్ను ఉంచండి. "రవిని పిలిచిన అబ్బాయి" అంటే "ద బాయ్ హూ కాల్డ్ రవి". "రవి పిలిచిన అబ్బాయి" అంటే "ద బాయ్ రవి కాల్డ్". ఒక్క అక్షరం తేడాతో పిలిచినవాడు, పిలుపు అందుకున్నవాడు తారుమారవుతారు.

కామా సంగతి తెలుగు చెప్పదు. "హైదరాబాద్‌లో ఉంటున్న మా అన్నయ్య" అన్నప్పుడు మీకు ఒక్కరే అన్నయ్య అయితే ఆ క్లాజుకు రెండు వైపులా కామాలు పెట్టాలి. ఇద్దరు ముగ్గురుండి, వారిలో హైదరాబాద్‌లో ఉన్నాయన గురించి చెబుతుంటే కామా పెట్టకూడదు.

"అని" కనబడితే "దట్" పెట్టేస్తే సరిపోతుందా?

చాలాచోట్ల సరిపోతుంది, కానీ దానితో పాటు మిగిలినవి కదులుతాయి. తెలుగులో "అని" ఎదుటివారి మాటను ఉన్నదున్నట్టు పట్టి ఉంచుతుంది. "రేపు వస్తానని చెప్పాడు" అన్నప్పుడు లోపలి మాట "రేపు వస్తాను", అతని నోట్లోంచి వచ్చినట్టే ఉంది. ఇంగ్లీషులో ఆ మాట చెప్పేవారి వైపుకు తిరుగుతుంది: "హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే." వస్తాను అన్న "నేను" కాస్తా "హీ" అయింది, "విల్" కాస్తా "వుడ్" అయింది, "రేపు" కాస్తా "ఆ మరుసటి రోజు" అయింది. మూడు మార్పులు. "ఐ" అని వదిలేస్తే నేను వస్తానని అతను చెప్పినట్టవుతుంది, అర్థమే మారిపోతుంది.

అసలు ఇబ్బంది, "అని" ఉన్న ప్రతిచోటా ఎవరో ఏదో చెప్పినట్టు కాదు. "ఆలస్యమవుతుందని ఆటో ఎక్కాను." ఎవరూ ఏమీ అనలేదు, అది కారణం: "ఐ టుక్ ఎన్ ఆటో బికాజ్ ఐ థాట్ ఐ వుడ్ బి లేట్." "మిమ్మల్ని చూద్దామని వచ్చాను." ఇది ఉద్దేశం: "ఐ కేమ్ టు సీ యు." "రాజు అని ఒకాయన వచ్చాడు." ఇది పేరు: "ఎ మ్యాన్ కాల్డ్ రాజు కేమ్." ఒకే "అని", ఇంగ్లీషులో మూడు దారులు. "అని" కనబడినప్పుడల్లా "అన్నది ఎవరు?" అని అడగండి. సమాధానం లేకపోతే "దట్" వెంటనే రాయకండి.

"వస్తాడట" లోని "అట" గురించి కూడా అడుగుతుంటారు. మనవాళ్లు "ఇట్ సీమ్స్" అని వాక్యం చివర తగిలిస్తారు. "ఇట్ సీమ్స్" అంటే "నాకు అలా అనిపిస్తోంది" అని. "అట" అంటే "నేను విన్నాను, చూడలేదు" అని. కాబట్టి "ఐ హియర్ దట్ హీ ఈజ్ కమింగ్" దగ్గరగా ఉంటుంది.

"ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు" అన్నది ఎందుకు తప్పుతుంది?

"ఎక్కడ" అనగానే ప్రశ్న గుర్తొచ్చి "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అనేస్తారు. తెలుగులో చివరి "ఓ" ఆ ప్రశ్నను ప్రశ్న కాకుండా చేసింది. ఇంగ్లీషులో ఆ పనిని వరుస చేస్తుంది. ప్రశ్నలో క్రియ ముందుకు వస్తే, ఉపవాక్యంలో కర్తే ముందుంటాడు: "ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్." "ఓ" వినబడితే కర్తను ముందు పెట్టండి. ప్రశ్నార్థక పదం లేకుండా "వస్తాడో రాడో" అంటే "వెదర్". ఇది రోజుకు అయిదు వాక్యాలు చేస్తే వారంలో దారికొస్తుంది.

"తే" అంటే ఎప్పుడూ "ఇఫ్" అనేనా?

కాదు. "తలుపు తీస్తే ఎవరూ లేరు." ఇక్కడ షరతు ఏమీ లేదు. తలుపు తీశాను, చూశాను: "వెన్ ఐ ఓపెన్డ్ ద డోర్, దేర్ వాజ్ నో వన్." చివరి క్రియ జరిగిపోయిన సంగతి చెబుతుంటే "తే" చాలాసార్లు "వెన్" అవుతుంది.

షరతు ఉన్నప్పుడు మూడు మెట్లు. "వర్షం పడితే మ్యాచ్ ఆగిపోతుంది": "ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్." పడబోయే వర్షమే అయినా "ఇఫ్" పక్కన "విల్" రాదు. "ఆయన వచ్చాక చెబుతాను" లోనూ అంతే: "ఆఫ్టర్ హీ కమ్స్". "నాకు కారుంటే మిమ్మల్ని దింపేవాణ్ణి": కారు లేదు, ఊహ మాత్రమే, "ఇఫ్ ఐ హ్యాడ్ ఎ కార్, ఐ వుడ్ డ్రాప్ యు." "ముందే చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి": చెప్పలేదు, ఆ సమయం దాటిపోయింది, "ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి ఎర్లియర్, ఐ వుడ్ హ్యావ్ కమ్."

చివరి రెండింట్లో తెలుగు క్రియ ముగింపు ఒకటే: దింపేవాణ్ణి, వచ్చేవాణ్ణి. అందుకే "వుడ్" రావాలో "వుడ్ హ్యావ్" రావాలో తెలియక తికమకపడతారు. జవాబు ముగింపులో లేదు, ముందు భాగంలో ఉంది. "చెప్పి ఉంటే", "చదివి ఉంటే", "వెళ్లి ఉంటే" అని జంటగా వస్తే దాటిపోయిన అవకాశం. అక్కడ "హ్యాడ్", "వుడ్ హ్యావ్" రెండూ కావాలి.

"రాకముందు", "చెప్పకుండా" వంటివాటిలో "నాట్" రాయాలా?

వద్దు. "ఆయన రాకముందు" లో తెలుగు వ్యతిరేక రూపం వాడుతుంది, ఇంగ్లీషు వాడదు: "బిఫోర్ హీ కేమ్". "నాకు చెప్పకుండా వెళ్లాడు" అంటే "వితౌట్ టెల్లింగ్ మి". "నువ్వు రాకపోతే" అన్నదానికి "ఇఫ్ యు డోంట్ కమ్" లేదా "అన్‌లెస్ యు కమ్". "అన్‌లెస్" లోనే "కాకపోతే" ఉంది, దానికి మళ్లీ "డోంట్" కలపకండి. "వచ్చేలోపు" కు "బై ద టైమ్": "బై ద టైమ్ హీ కేమ్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్."

"చేసి, తిని, వెళ్లి" అని వరుసగా వస్తే ప్రతిదానికీ "హ్యావింగ్" పెట్టాలా?

"స్నానం చేసి, టిఫిను తిని, బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాను." దీన్ని "హ్యావింగ్ బేద్డ్, హ్యావింగ్ ఈటెన్" అని రాస్తే చదివేవారికి ఊపిరాడదు. మామూలుగా చెప్పండి: "ఐ హ్యాడ్ ఎ బాత్, ఏట్ బ్రేక్‌ఫస్ట్, గాట్ ఆన్ ద బస్ అండ్ వెంట్ టు ద ఆఫీస్." తెలుగులో చివరి క్రియకే కాలం ఉంటే ఇంగ్లీషులో నాలుగు క్రియలకూ ఉంది, అంతే తేడా.

"వర్షం పడి చెరువు నిండింది" దగ్గర జాగ్రత్త. పడింది వర్షం, నిండింది చెరువు. ఇద్దరు కర్తలు. ఇక్కడ "ఇ" తోక కారణాన్ని చెబుతోంది: "ద ట్యాంక్ ఫిల్డ్ అప్ బికాజ్ ఇట్ రెయిన్డ్." ఇద్దరు కర్తలున్నప్పుడు "హ్యావింగ్" తో మొదలుపెడితే చెరువే వర్షమై కురిసినట్టు వాక్యం తయారవుతుంది.

పెద్ద వాక్యం వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చివర. ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. ఇలాంటివి మన ఇళ్లలో రోజూ మాట్లాడుకునేవే.

"నిన్న మన ఇంటికి వచ్చినాయన కొడుకు చదువుతున్న కాలేజీలో సీటు దొరికితే ఫీజు ఎంతైనా కట్టాలని నాన్న అనుకుంటున్నాడు."

చివరి క్రియ "అనుకుంటున్నాడు". ఎవరు? నాన్న. "మై ఫాదర్ థింక్స్" అని రాసి ఆగండి. దాని ముందు "అని" ఉంది, "దట్" వచ్చింది. "అని"కి లోపల ఏముంది? "ఫీజు ఎంతైనా కట్టాలి". ఎవరు కట్టాలి? తెలుగు చెప్పలేదు, నాన్నే. "హీ మస్ట్ పే ద ఫీ, హవెవర్ మచ్ ఇట్ ఈజ్." దానికి ముందు "దొరికితే". ఎవరికి? మాట్లాడుతున్న అబ్బాయికి. "ఇఫ్ ఐ గెట్ ఎ సీట్". ఎక్కడ? కాలేజీలో. ఏ కాలేజీ? "చదువుతున్న" తోక వచ్చింది. ఎవరు చదువుతున్నారు? కొడుకు. ఎవరి కొడుకు? "వచ్చినాయన" తోక.

ఒక్కో తోకనూ విప్పుతూ వెనక్కి నడిస్తే వాక్యం ఇలా నిలబడుతుంది: "మై ఫాదర్ థింక్స్ దట్ ఇఫ్ ఐ గెట్ ఎ సీట్ ఇన్ ద కాలేజ్ వేర్ ద సన్ ఆఫ్ ద మ్యాన్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే ఈజ్ స్టడీయింగ్, హీ మస్ట్ పే ద ఫీ, హవెవర్ మచ్ ఇట్ ఈజ్."

వ్యాకరణం ప్రకారం సరైన వాక్యం. కానీ ఇంగ్లీషు చెవికి బరువు. "సన్" కు, "ఈజ్ స్టడీయింగ్" కు మధ్య దూరం చూడండి. కాబట్టి సాధన కోసం ఒక్క వాక్యంగా రాసినా, మాట్లాడేటప్పుడు మూడుగా విడదీయండి: నిన్న ఒకాయన వచ్చారు, ఆయన కొడుకు ఫలానా కాలేజీలో చదువుతున్నాడు, నాకు అక్కడ సీటు దొరికితే ఫీజు ఎంతైనా కట్టాలని నాన్న అనుకుంటున్నారు. తెలుగు పొడవైన దారాన్ని హాయిగా మోస్తుంది, ఇంగ్లీషు ముడి వేసి ముందుకు వెళ్లమంటుంది. ఎక్కడ ముడి వేయాలో తెలుసుకోవడమూ నేర్చుకోవాల్సిన విద్యే.

రోజుకు ఎన్ని వాక్యాలు చేయాలి? ఎలా చేయాలి?

అయిదు చాలు. యాభై చేసి వారం మానేసేకన్నా అయిదు చేసి రేపు మళ్లీ కూర్చోవడం మంచిది. ఒక వారం ఒకే తోక తీసుకోండి. ఈ వారమంతా "ఇన" (వచ్చిన, చేసిన), వచ్చే వారమంతా "అని". కలగాపులగంగా చేస్తే ఏదీ చేతికి అలవాటు కాదు.

నేను చేయించే సాధన రెండు వైపులా సాగుతుంది. ఇంగ్లీషులో ఉన్న మంచి పేరాను తెలుగులోకి మార్చండి. పుస్తకం మూసేయండి. గంట తర్వాత, వీలైతే మరునాడు, మీ తెలుగును చూసి తిరిగి ఇంగ్లీషులోకి మార్చండి. అప్పుడు పుస్తకం తెరిచి పోల్చుకోండి. ఇది నా కల్పన కాదు. ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ రాణికి చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ నేర్పడానికి ఇదే సూచించాడు. ఆయన పుస్తకం ఆయన చనిపోయాక 1570లో అచ్చయింది. గురువు పక్కన లేనివారికి ఇంతకన్నా మంచి గురువు నాకు కనబడలేదు, ఎందుకంటే సరైన జవాబు మీ చేతిలోనే ఉంది. తేడా వచ్చిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత గీయండి. నెల తర్వాత ఆ గీతలు ఎక్కువగా ఏ తోక దగ్గర ఉన్నాయో చూడండి.

వాక్యాలు ఎక్కడ దొరుకుతాయి?

ఒక మంచి వనరు మీ ఇంట్లోనే ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. తమ్ముడి సైన్సు పుస్తకం తీసుకుని తెలుగు పేజీని మీరు మార్చండి, ఎదురు పేజీతో సరిచూసుకోండి. పెద్దవాళ్లు చిన్న తరగతి పుస్తకం పట్టుకోవడానికి మొహమాటపడతారు. అవసరం లేదు. "నీటిని వేడి చేసినప్పుడు అది ఆవిరిగా మారుతుంది" వంటి వాక్యాల్లో క్లాజు శుభ్రంగా కనబడుతుంది.

రెండోది మీ రోజు. సెలవు చీటీ, ఆఫీసు మెయిల్, ఇంటి ఓనరుకు చెప్పాల్సిన మాట. "మా అమ్మగారికి ఒంట్లో బాగాలేదని కబురు రావడంతో ఊరు వెళ్లాల్సి వచ్చింది." నిజంగా అవసరమైన వాక్యం ఒక్కసారి చేసినా మనసులో ఉండిపోతుంది.

ఫోనులో అనువాద యాప్ ఉండగా ఈ శ్రమ ఎందుకు?

గూగుల్ అనువాదంలో తెలుగు 2011లోనే చేరింది. అప్పటికీ ఇప్పటికీ యంత్రాలు ఎంతో మెరుగయ్యాయి. వాడండి, కానీ మీరు రాసిన తర్వాత. ముందే చూస్తే జవాబు వస్తుంది, చేయి తిరగదు. ఇంకొకటి, తెలుగు దాచిన కర్తను యంత్రం ఊహించాలి. "చెబితే వినలేదు" అంటే ఎవరు చెప్పారు, ఎవరు వినలేదు? మీకు తెలుసు, యంత్రానికి తెలియదు. యంత్రం ఇచ్చిన జవాబులో కర్త సరిగ్గా ఉన్నాడో లేదో చూడటమే ఒక చక్కని అభ్యాసం.

ఇలా చేస్తే మాట్లాడేటప్పుడు కూడా మనసులో అనువాదం చేసుకుంటూ ఆగిపోనా?

రాతలో ఆగిపోతే ఆ ప్రమాదం ఉంది. అందుకే సరిదిద్దిన ప్రతి వాక్యాన్ని పుస్తకం చూడకుండా మూడుసార్లు గట్టిగా చెప్పండి. తర్వాత అదే అచ్చులో మీ మాటలు పోయండి. "ద పెన్ ఐ రోట్ ద లెటర్ విత్" వచ్చాక "ద నైఫ్ ఐ కట్ ద మ్యాంగో విత్", "ద ఫ్రెండ్ ఐ కేమ్ విత్". ఇక్కడికి వచ్చేసరికి తెలుగు వాక్యం పక్కకు తప్పుకుంటుంది. మనం దాన్ని తరిమేయక్కర్లేదు.

విదేశాల్లో పెరిగే మా పిల్లలకు ఇది పనికొస్తుందా?

తిరగేసి పనికొస్తుంది. వాళ్లకు ఇంగ్లీషు క్లాజు సహజం, తెలుగు తోక కొత్త. "ద బాయ్ హూ కేమ్" అన్నదాన్ని "ఎవరైతే వచ్చాడో ఆ అబ్బాయి" అంటారు. తప్పు కాదు కానీ బరువుగా ఉంటుంది. "వచ్చిన అబ్బాయి" అని చెప్పించండి. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడే ముందు మూడు వాక్యాలు ఇలా చేయించినా చాలు.

ఈ రోజే మొదలుపెట్టడానికి కొన్ని వాక్యాలు ఇస్తారా?

ఈ అయిదు రాయండి. నాకు తెలిసిన డాక్టరు ఉండే వీధి ఇదే. మీరు ఎప్పుడు బయలుదేరుతారో అమ్మ అడిగింది. కరెంటు పోతుందని ఫోను ఛార్జింగ్ పెట్టాను. నేను వెళ్లేసరికి కొట్టు మూసేశారు. నిన్న అడిగి ఉంటే ఇచ్చేదాన్ని.

రాశాక సరిచూసుకోండి. మొదటిదాంట్లో రెండు తోకలు: "దిస్ ఈజ్ ద స్ట్రీట్ వేర్ ద డాక్టర్ ఐ నో లివ్స్." రెండోది "ఓ": "మదర్ ఆస్క్‌డ్ వెన్ యు వుడ్ స్టార్ట్." మూడోదాంట్లో "అని" కారణం: "ఐ పుట్ ద ఫోన్ ఆన్ ఛార్జ్ బికాజ్ ఐ థాట్ ద పవర్ వుడ్ గో." నాలుగోది "బై ద టైమ్ ఐ వెంట్, దే హ్యాడ్ క్లోజ్డ్ ద షాప్." అయిదోదాంట్లో అడిగింది ఎవరో, ఏమి ఇచ్చేవారో మీరే తేల్చుకోవాలి. "నువ్వు అడిగి ఉంటే" అనుకుంటే "ఇఫ్ యు హ్యాడ్ ఆస్క్‌డ్ యెస్టర్‌డే, ఐ వుడ్ హ్యావ్ గివెన్ ఇట్." చెల్లెలు అడగడం గురించి అనుకుంటే "యు" స్థానంలో "షి" రావాలి.